తీగను మనమే తెంచి చూద్దాం



ఆషాఢం వచ్చిందంటే మన అనంతపురం సీమలో గాలి ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఆగకుండా తిరుగుతాయి. బుడ్డలు వేసిన చేలల్లో దుమ్ము లేస్తుంది. మబ్బు పట్టినట్టే పడుతుంది, చినుకు రాల్చకుండా దాటిపోతుంది. ఆ గాలికి కరెంటు స్తంభాల మీద తీగలు ఊగుతుంటాయి.

ఇప్పుడు ఆ స్తంభాల మీద కరెంటు తీగలతో పాటు ఇంకో తీగ కూడా ఉంది. నల్లగా, సన్నగా ఉంటుంది. అది ఇంటర్నెట్ తీగ. ఫైబర్ అంటాం. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ వాళ్ళు నేల తవ్వే పని తగ్గించుకుని, కరెంటు స్తంభాల మీదనే దీన్ని ఊళ్ళకు లాగారు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు దీన్ని ప్రారంభించారు.

తీగ అన్నాక తెగుతుంది. గాలికి తెగుతుంది. కొమ్మ విరిగి పడితే తెగుతుంది. లారీలో ఎత్తుగా వేసిన గడ్డి తగిలినా తెగుతుంది. తెగిన తర్వాత ఏం జరగాలి? ఇంకో దారి ఉంటే కబురు ఆ దారిన పోవాలి. ఇంకో దారి ఉందో లేదో ఎవరు చూడాలి? ఎవరు చెప్పాలి? ఈ పూట మీతో ఆ సంగతే మాట్లాడతాను. ఈ దారి వెతికే పనిని రూటింగ్ అంటారు. ఆ పని చేసే పెట్టె రూటర్.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దారి వెతికే ప్రోగ్రాం రాయగానే పని అయిపోదు. మనమే తీగ తెంచి, అప్పుడు అది ఏం చేస్తుందో చూడాలి. గాలి తెంచక ముందే మనం తెంచి చూడాలి.

ముందు రూటర్ అంటే ఏమిటో చూద్దాం. మీరు కొత్త ఊరికి పోతున్నారు. కూడలిలో టీ అంగడి ఆయనను అడుగుతారు. "అన్నా, కల్యాణదుర్గం ఎట్లా పోవాల?" ఆయన దేశపటం తీసి చూపించడు. "ఇట్లా పొండి, ముందర ఇంకో కూడలి వస్తుంది, అక్కడ అడగండి" అంటాడు. రూటర్ చేసే పనీ అంతే. దానికి దేశమంతా తెలియక్కర్లేదు. ఏ ఊరికి పోవాలంటే ఏ పక్కకు తిప్పాలో తెలిస్తే చాలు. మరి అదైనా దానికి ఎట్లా తెలిసింది? పక్క రూటర్ చెప్పింది. దానికి ఆ పక్కది చెప్పింది. ఎవరు ఎవరికి ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్న కట్టుబాటును ప్రోటోకాల్ అంటారు.

ఇట్లాంటి కట్టుబాట్లలో బాగా పాతది ఒకటి ఉంది. పేరు రిప్. 1988 జూన్‌లో చార్లెస్ హెడ్రిక్ అనే ఆయన దాన్ని పద్ధతిగా రాసి పెట్టాడు. చాలా తేలికైన కట్టుబాటు. ప్రతి 30 సెకన్లకు ఒకసారి, నాకు తెలిసిన ఊళ్ళు ఇవి, దూరాలు ఇవి అని పక్కవాళ్ళకు చెప్పాలి. అంతే. కానీ ఈ తేలికైన కట్టుబాటులో ఒక చిక్కు ఉంది. అది మన సీమ వాళ్ళకు చెబితే ఇట్టే అర్థమవుతుంది.

ఒక దారి మీద మూడు ఊళ్ళు అనుకోండి. పై ఊరు, నడిమి ఊరు, కింది ఊరు. పై ఊర్లో మంచి బోరు ఉంది. నడిమి ఊరి వాళ్ళు, "నీళ్ళు మాకు ఒక మైలు" అంటారు. అది విని కింది ఊరి వాళ్ళు, "అయితే మాకు రెండు మైళ్ళు" అంటారు. రోజూ బిందెలు పోతున్నాయి, వస్తున్నాయి. బాగానే ఉంది.

ఒకరోజు పై ఊరికి పోయే దారి తెగింది. వాగు వచ్చి కల్వర్టు కొట్టుకుపోయింది. నడిమి ఊరి ఆయన దిగులుగా కూర్చున్నాడు. అప్పుడు కింది ఊరి ఆయన వచ్చి మామూలుగా చెప్పాడు: "మాకు నీళ్ళకు దారి ఉందప్పా, రెండు మైళ్ళు." ఆ రెండు మైళ్ళ దారి ఈయన ఊరి మీదుగానే అన్న సంగతి ఆయన చెప్పలేదు. ఈయన అడగలేదు. నడిమి ఊరి ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. "అయితే మీ మీదుగా పోతే మాకు మూడు మైళ్ళు" అనుకున్నాడు. అదే మాట బయటికి చెప్పాడు. కింది ఊరి ఆయన విన్నాడు. "ఓహో, నడిమి ఊరికి మూడు అయ్యిందంటే మాకు నాలుగు." అది విని ఈయన ఐదు అన్నాడు. ఆయన ఆరు అన్నాడు. బిందెలు మాత్రం ఈ ఊరికీ ఆ ఊరికీ మధ్యలోనే తిరుగుతున్నాయి. చుక్క నీళ్ళు లేవు. ఇద్దరిలో ఎవరూ మోసం చేయలేదు. తాము విన్నదే చెప్పారు.

రూటర్లలోనూ అచ్చం ఇదే జరుగుతుంది. దారి ఉందన్న కబురు గబగబా పోతుంది. దారి పోయిందన్న కబురే దారిలో పాత కబురుతో కలిసి చెడిపోతుంది. అందుకే రిప్‌లో ఒక హద్దు పెట్టారు. దూరం 16 అయితే దారి లేనట్టే. లెక్క 16 దాకా ఎక్కి అక్కడ ఆగుతుంది. ఆ లోపల మీరు పంపిన కబురు ముక్కలు, అంటే ప్యాకెట్లు, ఆ బిందెల్లాగే ఇటూ అటూ తిరుగుతాయి. ప్రతి ప్యాకెట్‌కూ కొంత ఆయుష్షు ఉంటుంది. లినక్స్ కంప్యూటర్లు మామూలుగా 64 అని వేసి పంపుతాయి. ఒక్కో రూటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే పారేస్తారు.

ఇంజనీరింగ్ చదివే పిల్లలు ముగ్గురు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. వాళ్ళే సొంతంగా ఒక చిన్న రూటింగ్ ప్రోగ్రాం రాశారు. ముగ్గురి ముఖాల్లోనూ సంతోషం. "సార్, పని చేస్తోంది" అన్నారు. వసారాలో చాప వేసుకుని కూర్చున్నాం. వాళ్ళ దగ్గర ఉన్నది ఒకే ఒక్క పాత లాప్‌టాప్. అది చాలు.

అది ఎట్లా చాలుతుందో చెబుతాను. లినక్స్‌లో నేమ్‌స్పేస్ అని ఒక ఏర్పాటు ఉంది. పెద్ద ఇంట్లో గోడలు లేపి మూడు కాపురాలు పెట్టినట్టు, ఒకే కంప్యూటర్‌లో ఎన్ని గదులు కావాలంటే అన్ని కట్టుకోవచ్చు. ఒక గదికి ఇంకో గది సంగతి తెలియదు. ఒక్కో గదీ తానొక రూటర్ అనుకుంటుంది. గదికీ గదికీ మధ్య ఉత్తుత్తి తీగలు కట్టొచ్చు. ఆ తీగను తెంచొచ్చు. ఆలస్యం చేయించొచ్చు. నూటికి పది కబుర్లు దారిలో పడిపోయేట్టు చేయొచ్చు. రూపాయి ఖర్చు లేదు. ఇదంతా ఓపెన్ సోర్స్. అంటే ప్రోగ్రాం లోపల ఏం రాశారో ఎవరైనా విప్పి చదువుకోవచ్చు, తప్పుంటే దిద్దొచ్చు.

పెద్ద ప్రోగ్రాములను కూడా ఇట్లాగే పరీక్షిస్తారు. ఎఫ్ఆర్‌ఆర్ అని ఒక పేరున్న ఓపెన్ సోర్స్ రూటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. దాని పుట్టుక ముచ్చటగా ఉంటుంది. 1996లో జపాన్‌కు చెందిన కునిహిరో ఇషిగురో జీబ్రా అన్న పేరుతో మొదలుపెట్టాడు. దాని నుంచి క్వాగా అని ఇంకొకటి చీలింది. క్వాగా అంటే దక్షిణాఫ్రికాలో ఒకప్పుడు తిరిగిన, ఇప్పుడు అంతరించిపోయిన జీబ్రా జాతి. ఆ క్వాగా ప్రోగ్రాం నుంచి 2017లో ఎఫ్ఆర్‌ఆర్ వచ్చింది. ఇప్పటికీ దాని లోపల ముఖ్యమైన భాగం పేరు జీబ్రాయే. దానికి ఎవరైనా కొత్త మార్పు రాసి పంపితే, ముందు ఇట్లాంటి ఉత్తుత్తి గదుల్లో తీగలు తెంచి, కలిపి చూస్తారు. ఆ తర్వాతే లోపలికి రానిస్తారు.

సరే, వసారా దగ్గరికి వద్దాం. పిల్లలు మూడు గదులు కట్టారు. మొదటి గదికి మూడో గది నుంచి సెకనుకు ఒకటి చొప్పున పింగ్ పంపుతున్నారు. పింగ్ అంటే ఏమీ లేదు. చేని గట్టు మీద నుంచి "ఓ" అని కేక వేస్తాం. అవతలి నుంచి "ఓ" అని బదులు వస్తుంది. అంతే. బదులు చక్కగా వస్తోంది.

"ఇప్పుడు మొదటి గది తీగ తెంచండి" అన్నాను.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తెంచాలని వాళ్ళకు తోచలేదు. ఒక అబ్బాయి తీగను పూర్తిగా తీసేయబోయాడు. "అట్లా వద్దు నాయనా. తీగ ఉన్నట్టే ఉండాల, కబురు మాత్రం పోకూడదు. అట్లా చెయ్" అన్నాను. ఎందుకంటే తీగ తీసేస్తే రూటర్‌కు వెంటనే తెలుస్తుంది. బయట చాలా సార్లు అట్లా తెలియదు. దీపం వెలుగుతూనే ఉంటుంది. మాట మాత్రం పోదు.

అబ్బాయి అట్లాగే చేశాడు. పింగ్ ఆగింది. నిమిషం అయ్యింది. రెండు నిమిషాలు అయ్యింది. రిప్ కట్టుబాటులో 180 సెకన్ల పాటు పక్కవాడి మాట వినబడకపోతేనే దారి పోయిందనుకుంటారు. పిల్లలు ఆ లెక్కే పెట్టుకున్నారు. మూడు నిమిషాలు మౌనం. తర్వాత మొదటి గదికి నడిమి గది చెప్పే దూరం మారడం మొదలైంది. వాళ్ళలో ఒక అమ్మాయి గట్టిగా చదువుతోంది. "మూడు... ఐదు... ఏడు..." అరనిమిషానికి ఒక అంకె. "తొమ్మిది... పదకొండు..." అంతలో ఆ అమ్మాయి గొంతు తగ్గింది. "సార్, బిందెల కథ" అంది. పదహారు దగ్గర ఆగే సరికి ఇంకో మూడు నిమిషాలకు పైనే గడిచాయి.

దీనికి మందు తెలిసిందే. ఎవరి దగ్గర విన్న కబురును వాళ్ళకే తిప్పి చెప్పకూడదు. మళ్ళీ చెబుతాను. ఎవరి దగ్గర విన్నామో, వాళ్ళకే ఆ కబురు తిప్పి చెప్పకూడదు. కింది ఊరి ఆయన ఈ ఒక్క నియమం పాటిస్తే నడిమి ఊరి ఆయన మోసపోడు. పిల్లలు అక్కడే నాలుగు వరుసలు రాశారు. మళ్ళీ తెంచారు. ఈసారి అంకెలు ఎక్కలేదు. చప్పట్లు కొట్టారు.

నాకు మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. ఎందుకంటే మూడు ఊళ్ళు వరుసగా కాక, గుండ్రంగా ఉంటే? నేను నీకు చెప్పాను. నువ్వు నాకు తిప్పి చెప్పలేదు, నియమం పాటించావు. కానీ మూడో ఆయనకు చెప్పావు. ఆయన వచ్చి నాకు చెప్పాడు. నా మాటే ఊరు చుట్టి నా చెవికి వచ్చింది. నాకు అది కొత్త కబురులా వినబడింది. ఈ మందు ఇద్దరి మధ్య పని చేస్తుంది, ముగ్గురు గుండ్రంగా కూర్చుంటే పని చేయదు. అందుకని నాలుగో గది కట్టించాను. మూడు గదులు ఒకదానికొకటి కలిసి ఉంటాయి, నాలుగోది వాటిలో ఒకదానికే తగిలి ఉంటుంది. ఆ ఒక్క తీగ తెంచాం. దారి పోయిందన్న కబురు ఒక పక్కకు చేరేట్టు, రెండో పక్కకు పడిపోయేట్టు చేశాం. అంకెలు మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాయి. పిల్లలు ఈసారి చప్పట్లు కొట్టలేదు. నోటుపుస్తకం తీశారు. అది నాకు ఇంకా నచ్చింది.

మరి గట్టి మందు ఏది? మన గొలుసుకట్టు చెరువులను గుర్తు చేసుకోండి. పై చెరువు నిండితే మరువ పారుతుంది. ఆ నీళ్ళు కింది చెరువుకు వస్తాయి. అది నిండితే ఇంకా కిందికి పోతాయి. ఎన్ని చెరువులు ఉన్నా నీళ్ళు చుట్టు తిరిగి బయలుదేరిన చోటికి రావు. ఎందుకు? ప్రతి చెరువూ తనకన్నా ఎత్తున ఉన్న చెరువు నుంచే నీళ్ళు తీసుకుంటుంది కాబట్టి. బేబెల్ అనే రూటింగ్ ప్రోటోకాల్‌లో ఉన్న నియమం దాదాపు ఇదే. పారిస్‌లో పని చేసే యూలియష్ ఖ్రోబోచెక్ దాన్ని రూపొందించాడు. 2011లో కాగితం మీదికి వచ్చింది, 2021 జనవరిలో ప్రమాణంగా ఖాయమైంది. అందులో రూటర్ ఇట్లా అనుకుంటుంది: ఈ ఊరికి నేను ఇంతవరకూ చెప్పిన అతి తక్కువ దూరం ఎంత? పక్కవాడు చెప్పే దూరం అంతకన్నా తక్కువైతేనే వాడి మాట తీసుకుంటాను. అంటే వాడు నాకన్నా మూలానికి దగ్గర, నాకన్నా ఎత్తున ఉన్న చెరువు. అప్పుడు నా మాటే చుట్టు తిరిగి నన్ను మోసం చేయలేదు.

ఈ నియమం మరీ గట్టిది. ఒక్కోసారి నిజమైన దారిని కూడా వద్దనేస్తుంది. అప్పుడేం చేయాలి? మూలానికే కబురు పెట్టాలి. పై చెరువు నీళ్ళు వదిలే నీరుగంటిని, "ఒక కొత్త చీటీ రాసి పంపు" అని అడగాలి. ఆయన చీటీ మీద వరుస నంబరు ఒకటి పెంచి పంపుతాడు. నంబరు కొత్తదైతే లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఈ వరుస నంబరు దగ్గర మన సీమకు బాగా తెలిసిన కష్టం ఒకటి ఉంది. కరెంటు. సాయంత్రం కరెంటు పోతుంది, వస్తుంది. రూటర్ ఆరిపోయి మళ్ళీ లేస్తుంది. లేచాక తను ఇంతకు ముందు వేసిన నంబరు ఎంతో మరిచిపోయింది. మళ్ళీ ఒకటి నుంచి వేయడం మొదలుపెట్టింది. పక్కవాళ్ళు చూసి, "మాకు 40 దాకా వచ్చింది, ఇది పాత చీటీ" అని పక్కన పెట్టారు. రూటర్ బతికే ఉంది, మాట్లాడుతోంది, ఎవరూ వినడం లేదు. ఓఎస్‌పీఎఫ్ అనే ప్రోటోకాల్‌లో దీనికి ఒక ఉపాయం ఉంది. లేచిన రూటర్ తన పాత చీటీ పక్కవాళ్ళ దగ్గర కనబడితే, దాని మీద ఉన్న నంబరుకు ఒకటి కలిపి కొత్త చీటీ వేస్తుంది. మీరు ప్రోగ్రాం రాస్తే ఈ పరీక్ష తప్పకుండా చేయండి. నడుస్తున్న ప్రోగ్రాంను చెప్పాపెట్టకుండా చంపేయండి. కరెంటు మనకు చెప్పి పోదు కదా.

నంబరు గురించి ఇంకో మాట. ఏ నంబరు కొత్తది, ఏది పాతది? తేలికే అనిపిస్తుంది. కానీ మన తెలుగు సంవత్సరాలు చూడండి. ప్రభవ 1927లో వచ్చింది, 1987లో వచ్చింది, మళ్ళీ 2047లో వస్తుంది. అరవై అయ్యాక చక్రం మళ్ళీ మొదలు. "నేను అక్షయలో పుట్టాను, మా తమ్ముడు ప్రభవలో పుట్టాడు" అంటే మనకు అర్థమవుతుంది, ప్రభవ తర్వాతిదని. పేర్ల వరుసలో మాత్రం ప్రభవ మొదటిది, అక్షయ చివరిది. ఇంటర్నెట్‌కు తల్లి అయిన అర్పానెట్‌లో కూడా వరుస నంబర్లు ఇట్లా చక్రంలాగే తిరిగేవి. అరవై బదులు అరవై నాలుగు. 1980 అక్టోబరు 27న అక్కడ ఒక రూటర్ జ్ఞాపకంలో చిన్న చెడు జరిగి ఒకే మూలం పేరు మీద మూడు చీటీలు బయటికి వచ్చాయి. వాటి నంబర్లు 8, 40, 44. చక్రం లెక్కలో 40 కన్నా 44 కొత్తది. 8 కన్నా 40 కొత్తది. 44 కన్నా 8 కొత్తది! ప్రతి చీటీ ఇంకోదాన్ని పాతది అని తోసేసింది. రూటర్లన్నీ ఆ మూడు చీటీలనే పంచుకుంటూ కూర్చున్నాయి. గంటల తరబడి అమెరికా అంతా ఉన్న ఆ నెట్‌వర్క్ పడిపోయింది. మరుసటి ఏడాది ఎరిక్ రోజెన్ ఈ సంగతంతా దాపరికం లేకుండా రాసి పెట్టాడు. ఆయన రాశాడు కాబట్టి నలభై ఏళ్ళ తర్వాత మా వసారాలో పిల్లలు ఆ మూడు నంబర్లనే వేసి తమ ప్రోగ్రాంను పరీక్షించగలిగారు. తప్పు జరిగిందని రాసిపెట్టిన వాళ్ళకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇదంతా మన పల్లెలకు ఎందుకు అని మీరు అడగొచ్చు. పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం వైపు ఊళ్ళకు బైర్రాజు ఫౌండేషన్ వాళ్ళు అశ్విని అన్న పేరుతో దూరపు వైఫై కట్టి, వైద్యం, చదువు అందించాలని చూశారు. తమిళనాడులో తేని ప్రాంతంలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళు అట్లాంటి వైఫై మీదే పల్లె రోగులను డాక్టర్లకు చూపించారు. ఆ పనిలో ఉన్న బర్కిలీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో తమ అనుభవం రాశారు. వాళ్ళను బాగా ఇబ్బంది పెట్టింది కరెంటు నాణ్యత. ప్రయోగశాలలో అంతా బాగుంటుంది. కరెంటు అక్కడ నిలకడగా ఉంటుంది కాబట్టి. పల్లెలో అట్లా ఉండదు, అందుకే అది పోతే ఏమవుతుందో ముందే చూడాలి.

ఇంకొకటి. పంచాయతీలకు ఇంటర్నెట్ ఇచ్చే భారత్‌నెట్ మొదట్లో తీగలను మండలం నుంచి ఊళ్ళకు వరుసగా లాగింది. మధ్యలో ఒకచోట తెగితే ఆ తర్వాతి ఊళ్ళన్నీ చీకటి. 2023 ఆగస్టులో కేంద్రం మార్చిన పథకంలో ఊళ్ళను ఉంగరంలా కలపాలని పెట్టారు. ఒక పక్క తెగితే రెండో పక్క నుంచి కబురు రావాలి. ఉంగరం అయితే వేస్తాం. కానీ ఉంగరం అంటే చుట్టు. చుట్టు ఉన్నచోటే నేను ఇందాక చెప్పిన ఊరు చుట్టే కబురు పుడుతుంది. అందుకే ఈ పరీక్ష ఇప్పుడు మనకు ఇంత అవసరం.

ఆ రోజు పొద్దు వాలే సరికి పిల్లలు చెరువుల నియమంతో తమ ప్రోగ్రాం మళ్ళీ రాశారు. పక్కవాడి కేక సెకనుకు ఒకసారి వినాలి, వరుసగా మూడుసార్లు వినబడకపోతే దారి పోయినట్టు అని పెట్టుకున్నారు. ఆరు గదులు ఉంగరంలా కట్టారు. గదులకు తమ ఊళ్ళ పేర్లు పెట్టారు. రాయదుర్గం, కణేకల్లు, బొమ్మనహాళ్, ఇంకా మూడు. ఒకచోట తెంచారు. నాలుగు పింగ్‌లు పోయాయి. ఐదోది రెండో పక్క నుంచి తిరిగి వచ్చింది.

"ఇంకోచోట కూడా తెంచండి" అన్నాను.

ఉంగరం రెండు చోట్ల తెగితే మధ్యలో ఉన్న ఊళ్ళకు నిజంగానే దారి లేదు. ఆ అమ్మాయి మీట నొక్కింది. ముగ్గురూ తెర మీదికి వంగారు. అంకెలు ఎక్కుతాయేమో అని చూశాం. మూడు, ఐదు, ఏడు ఏవీ రాలేదు. నాలుగు సెకన్లు గడిచాయి. తెర మీద ఒకే ఒక్క వరుస వచ్చింది. కణేకల్లుకు దారి లేదు.

"ఈసారి నిజం చెప్పింది సార్" అంది ఆ అమ్మాయి.